తెరచిన కిటికీలు – మూసిన చెవులు

ఈ సంక్రాంతికి మేము అమలాపురమునకు చేరువనున్న మా స్వగ్రామమునకు పోయితిమి. కనుమనాటి మధ్యాహ్నము. జగ్గన్నతోటలో పదునొకండు ప్రభలు ఒక్కచోట చేరు తీర్థమును చూచుటకు ఇంటిలోని పిన్నలు, పెద్దలు తరలిపోయిరి. మేము కాలువగట్టువరకు నడచి వత్తమని బయలుదేరితిమి. ఇంట మిగిలినవారు ఇరువురు: మా తల్లిగారు, మా మేనల్లుడు.

మేనల్లుడు హైదరాబాదులోని యొక కంప్యూటరు సంస్థలో ఉద్యోగి. నెలలో సగము దినములు ఊరినుండియే పనిచేయును. నాడు సెలవైనను ఏదియో మిగిలిన పని యున్నదని వీథియరుగుపై కూర్చుండి, ఒడిలో ల్యాప్‌టాప్ పెట్టుకొని, చెవులపై హెడ్‌ఫోను బిగించుకొనియుండెను.

పెరటిలో నూతికడ మా తల్లిగారు కాలుజారి పడిరి. మనుమని మూడు పర్యాయములు పిలిచిరి. ఆతడు కదలలేదు. గోడకావల పిండివంటలు చేయుచున్న పొరుగింటి ఇల్లాలు విని పరుగున వచ్చెను. మేము తిరిగి వచ్చునప్పటికి అమ్మ చీలమండకు పసుపు, సున్నము కలిపిన పట్టు వేసియున్నది.

"ఆయ్, కేక వినపడిందండి. పొయ్యిమీద మూకుడు అలాగే వదిలేసి వచ్చేశానండి" అని ఆమె చెప్పెను. మేనల్లుని ముఖము పాలిపోయియుండెను. "నాకు నిజంగా వినపడలేదు మామయ్యా" అనెను. మా తల్లిగారు మాత్రము, "వాణ్ణేం అనకురా. చెవులకి అవి ఉంటే వాడికెలా తెలుస్తుంది?" అనిరి.

దెబ్బ స్వల్పమే. నాలుగు దినములలో వారు మామూలుగా నడచిరి. కాని ఇంటిలోనే యున్న మనుమనికి అందని పిలుపు గోడకావలివారికి అందుట మా మనస్సున నాటుకొనినది. ఆ రాత్రి భోజనములైన పిమ్మట మేనల్లుడే ప్రస్తావన తెచ్చెను. "ఇంతకీ ఇవి పెట్టుకోవడం తప్పంటారా మామయ్యా?" అని అడిగెను. అవును, కాదు అని యొక్కమాటలో తేల్చుటకు మాకు అధికారము లేదు. రేడియో కేంద్రమున ఇరువది సంవత్సరములుగా మేమును హెడ్‌ఫోను తగిలించుకొని కూర్చుండువారమే కదా! అందుచేత సంభాషణ చాలదూరము సాగినది. ఆతని తెరమీది టాబులు, చెవిలోని ధ్వని, చేతిలోని సినిమా, ఈ మూడింటిని గూర్చియు మా అభిప్రాయములను నాడు చెప్పితిమి. వానినే ఇక్కడ కొంత సవరించి వ్రాయుచున్నాము. ఇవి మా సొంత అభిప్రాయములు. శాస్త్రము చెప్పినదానిని శాస్త్రమనియే చెప్పుదుము.

మొదట టాబుల సంగతి. అంతర్జాలమును చూపు సాధనమునకు బ్రౌజరని పేరు. ఒకప్పుడు దానిలో ఒక్కొక్క పుట చూచుటకు ఒక్కొక్క కిటికీ తెరువవలసి యుండెను. ఒకే కిటికీలో పెక్కు పుటలను వరుసగా నిలిపి, పైనున్న చిన్న చీటీలను నొక్కి ఒకదానినుండి మరొకదానికి పోవు ఏర్పాటు 2000 ప్రాంతమున ఒపేరా మొదలైనవానిలో వచ్చినది. 2004 నవంబరులో ఫైర్‌ఫాక్సు వెలువడిన తరువాత అది లోకమంతట వ్యాపించినది. ఆ చీటీలే టాబులు. మా మేనల్లుని తెరమీద వానిని లెక్కించితిమి. నలువదియేడు! చీటీలపై పేరు కనిపించుటకు కూడ చోటు లేదు.

"ఇవన్నీ చదువుతున్నావా?" అని అడిగితిమి. "లేదండి, తరవాత చదువుదామని" అనెను. మూసివేసిన మరల దొరకదేమో యను భయము. ఇది మా మేనల్లునికే పరిమితమైన జబ్బు కాదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమువారు ఈ విషయమునే పరిశోధించి 2021లో ప్రకటించిరి. కంటికి కనబడనిది మనస్సునుండియు జారిపోవునను భీతిచేతనే జనులు టాబులను మూయలేకున్నారని వారు కనుగొనిరి. టాబు అనునది చదువుటకు తెరచిన పుటగా నుండుట మాని, చేయవలసిన పనుల జాబితాగా మారిపోయినది. తెరచియుంచిన ప్రతి పుటయు యంత్రము యొక్క జ్ఞాపకశక్తిలో కొంత భాగమును ఆక్రమించుకొనును. యంత్రము మందగించుట మనకు తెలియును. మనస్సు మందగించుట తెలియదు.

మనస్సు సంగతి సోఫీ లెరాయ్ అను పరిశోధకురాలు 2009లో వివరించెను. ఒక పనిని సగములో విడిచి మరొకపనికి పోయినపుడు మొదటిపనిపై కొంత ధ్యాస వెనుక నిలిచిపోవును. చేతిలో నున్న పనికి అంతమేరకు ధ్యాస తగ్గును. మొదటి పనిని గడువు ఒత్తిడిలో ముగించి మరలినవారికి ఈ శేషము తక్కువగా నుండును. ఈ మాట చదివినపుడు మాకు క్రొత్తగా తోచలేదు. తెలుగువారికి దీనిని ఎరిగిన విద్య యొకటి తరతరములుగా నున్నది. అదే అవధానము.

అవధానమును చూచినవారు మన పాఠకులలో పెక్కుమంది యుందురు. గోదావరి ఆవలియొడ్డున కడియములో పుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారును, వారి జంటకవి దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును ఊరూర చేసి ప్రసిద్ధికి తెచ్చిన విద్య యది. అష్టావధానములో ఎనమండుగురు పృచ్ఛకులు. ఒకరు సమస్య నిత్తురు, ఒకరు దత్తపది, ఒకరు వర్ణన. నిషిద్ధాక్షరి యిచ్చువారు అక్షరమక్షరమునకు అడ్డు తగులుదురు. ఒకరు నడుమ నడుమ గంట కొట్టుచుందురు. ఎన్ని కొట్టిరో తుదిని చెప్పవలెను. అప్రస్తుత ప్రసంగి పనియంతయు అవధాని ధ్యాసను చెదరగొట్టుటయే. నేడు ఫోనులో నిమిషమున కొకమారు టింగుమను సందేశములకును ఆయనకును భేద మేమున్నది?

పైకి చూచువారికి అవధాని ఎనిమిది పనులు ఒక్కమారే చేయుచున్నట్లు కనిపించును. నిజమునకు అట్లు కాదు. ఒక్కొక్క క్షణమున ఆయన ఎదుట ఒక్క పృచ్ఛకుడే. ఆతనికి పద్యములో ఒక పాదము చెప్పును; పాదము పూర్తియైన పిదపనే మరియొకరివైపు తిరుగును. అట్లు నాలుగు ఆవృత్తులు. సగము పాదములో విడిచి పోడు. విడిచినదానిని తెరపై వ్రేలాడదీయడు. ధారణలో నుంచుకొని చివరకు అన్ని పద్యములను అప్పగించును. ఇన్నిటి నడుమ గంట మ్రోగిన వినును. దీనిని మా మేనల్లునికి మరీ మరీ చెప్పితిమి. అవధానమనగా ఏకాగ్రత, కాని ఆ ఏకాగ్రతలో చెవులు మూసికొనుట లేదు.

ఇక టాబులపై మా అభిప్రాయము: ఎనిమిదికి మించరాదు. అష్టావధానికి చాలినవి మనకును చాలును. శతావధానులు నూరు తెరచుకొనవచ్చును. వారికి మా అభ్యంతరము లేదు. తరువాత చదువవలెనని తోచినదానిని కాగితముపై ఒక పంక్తిలో వ్రాసికొని పుటను మూయవలెను. లేదా యంత్రములోనే గురుతు పెట్టుకొను వసతి యున్నది. పనిని విడువవలసివచ్చినపుడు ఒక పాదము పూర్తిచేసి విడువవలెను.

రెండవది హెడ్‌ఫోను. దీని చరిత్ర రేడియో చరిత్రతో పెనవేసికొనియున్నది. అమెరికాలో యూటా రాష్ట్రమున నతేనియల్ బాల్డ్విన్ అను నాయన తన వంటయింటిలో తయారుచేసి, 1910లో నౌకాదళమునకు పంపిన జతయే నేటి హెడ్‌ఫోనులకు మూలము. తొలినాటి స్ఫటికపు రేడియోకు బ్యాటరీ యక్కరలేదు, కరెంటు అక్కరలేదు. కాని దానికి లౌడ్‌స్పీకరును మ్రోగించు శక్తియు లేదు. చెవికి తగిలించుకొన్నవారికే వినబడును. నాటి గృహస్థులు దీనికొక యుపాయము కనుగొనిరి. హెడ్‌ఫోనును ఒక లోతైన గిన్నెలో నుంచెడివారు. గిన్నె గోడలకు తగిలి ధ్వని హెచ్చగుటచే చుట్టును కూర్చున్న నలుగురును వినగలిగెడివారు. ఒంటరిగా వినవలసిన సాధనమును పదిమందికి పంచుటకు వారు గిన్నె వెదకిరి. పదిమందికి వినబడగల సాధనములు చేతనుండగా మనము ఒంటరిగా వినుచున్నాము.

1979 జూలైలో జపానులో సోనీ సంస్థ వాక్‌మన్‌ను విడుదల చేసినపుడు కూడ ఈ శంక వచ్చినది. ఒక్కడే కూర్చుండి వినుట మర్యాద కాదేమో యని ఆ సంస్థ యధిపతి అకియో మొరీటా సందేహించెను. అందుచే తొలి వాక్‌మన్‌లో రెండు హెడ్‌ఫోనులు తగిలించుటకు రెండు రంధ్రములుంచిరి. పాటను తగ్గించి ప్రక్కవానితో మాటాడుటకొక నారింజరంగు మీట కూడ పెట్టిరి. కొన్నవారిలో అధికులు ఒక్కరే వినుటచేత తరువాతి నమూనాలలో అవి తొలగిపోయినవి. లోపము యంత్రమున లేదు. మీట ఇచ్చినను మనము నొక్కలేదు.

ఇక ధ్వని గుణము. గదిలో రెండు స్పీకరులు మ్రోగుచున్నప్పుడు కుడిదాని ధ్వని ఎడమచెవికి కూడ చేరును. కొంచె మాలస్యముగా, తల అడ్డుండుటచే కొంత మెత్తనై చేరును. ఆ యాలస్యము సెకనులో వేయవవంతు కంటె తక్కువ. ఆ స్వల్పభేదము చేతనే మెదడు ధ్వని వచ్చు దిక్కును గుర్తించును. హెడ్‌ఫోనులో కుడిది కుడిచెవికే, ఎడమది ఎడమచెవికే. కావున పాట ఎదుట నిలిచి పాడుచున్నట్లుండక తలలోపల పాడుచున్నట్లుండును. పాత చిత్రములలోవలె రెండువైపుల ఒకే ధ్వని యున్నచో గాయకుడు సరిగా తల నడుమ కూర్చుండును. 1957 నాటి మాయాబజారు పాటను హెడ్‌ఫోనులో విన్నవారికి ఇది అనుభవమే. ఆ చిత్రమునకు 2010లో రంగులద్ది, ధ్వనిని కూడ పలుదిక్కులనుండి వచ్చునట్లు మరల కూర్చి విడుదల చేసిరి. దానిని హాలులో విన్నవారికి భేదము తెలియును.

మంచి హెడ్‌ఫోను ఏది యని శ్రోతలు కూడ మమ్ము అడుగుచుందురు. వెల చూచి మోసపోవలదని మొదటి మాట. 2017లో ప్రకటితమైన యొక పరిశోధనలో పెక్కు హెడ్‌ఫోనులను కొలిచి చూడగా వాని స్వరస్పందనకును వెలకును సంబంధము కనబడలేదు. హర్మన్ సంస్థ పరిశోధకులు షాన్ ఆలివ్ మొదలైనవారు 2010 దశకమున శ్రోతలకు ఏ కంపెనీదో తెలియనీయక వినిపించి పరీక్షించిరి. మంచి గదిలో మంచి స్పీకరు మ్రోగినట్లుండు ధ్వనినే అధికులు మెచ్చిరి. ఢమఢమ మ్రోగు మంద్రము మొదటి పూట బాగుండును. వారము దినములకు తలనొప్పి. మా పరీక్ష యింకను సులభమైనది. బాగుగా ఎరిగిన మనుష్యుని గొంతు వినవలెను. మీ నాన్నగారి గొంతు రికార్డు చేసినది వినినపుడు ఆయనయే మాటాడినట్లున్నచో అది మంచి హెడ్‌ఫోను. ఆయనకు జలుబు చేసినట్లున్నను, పీపాలోనుండి పలికినట్లున్నను కాదు. కొనుటకు ముందు అది చెవిపై చక్కగా అమరునో లేదో కూడ చూడవలెను. వదులైనచో మంద్రస్వరము లన్నియు సందులోనుండి జారిపోవును.

పరిసరధ్వనిని అణచు హెడ్‌ఫోనులు వేరు. వీనికి మూలమైన యూహకు పాల్ లూగ్ అను జర్మను 1936లోనే పేటెంటు పొందెను. బయటి శబ్దతరంగమును చిన్న మైక్రోఫోను గ్రహించును. దానికి సరిగా ఎదురైన తరంగమును యంత్రము పుట్టించును. రెండును కలిసి ఒకదానినొకటి రద్దుచేసికొనును. బస్సు ఇంజను, ఫ్యాను, జనరేటరు వంటి విడువని మంద్రధ్వనులకు ఇది చక్కగా పనిచేయును. మనుష్యుల కేకను ఇది యొక్కటే అణచలేదు. కాని చెవిని కప్పిన మెత్తని గిన్నె తారధ్వనులను చాలవరకు ఆపును. మిగిలినదానిని లోపలి పాట కప్పివేయును. ఆ మధ్యాహ్నము మా తల్లిగారి పిలుపు ఇట్లే పోయినది. మేనల్లుడు అబద్ధమాడలేదు. ఆతని చెవిని మూడు తలుపులు మూసియుంచినవి.

ఇంతకంటె మెల్లగా మూసికొను తలుపు మరియొకటి యున్నది. లోచెవిలో నత్తగుల్లవంటి యెముకలో పదునైదువేల చొప్పున సూక్ష్మమైన రోమకణములుండును. పెద్దధ్వనిచే అవి నశించినచో మనుష్యులకు మరల మొలకెత్తవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు ఇది: 80 డెసిబెలుల ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చును, పిల్లలకు 75 డెసిబెలులే. డెసిబెలుల లెక్క వింతది. మూడు హెచ్చిన ధ్వనిశక్తి రెట్టింపగును. వినదగిన కాలము సగమగును. కావున 90 డెసిబెలులైనచో వారమునకు 4 గంటలకు మించరాదు. నూరుకోట్లకు పైగా యువజనుల వినికిడి ఈ విధముగా ప్రమాదములో నున్నదని ఆ సంస్థ హెచ్చరించుచున్నది.

ఇది మాకు పుస్తకజ్ఞానము మాత్రమే కాదు. గత సంవత్సరము చెవి వైద్యుని యొద్ద పరీక్ష చేయించుకొంటిమి. కాగితముపై గీచిన రేఖ చాలదూరము సమముగా పోయి, నాలుగువేల హెర్ట్జుల కడ గోతిలో పడినట్లు దిగినది. హెచ్చుధ్వని చేసిన హాని తొలుత కనబడు చోటు అదియే. స, శ, ష అను అక్షరముల బుసబుస ధ్వనులు ఆ ప్రాంతముననే యుండును. అప్పుడు మాకర్థమైనది, కొంతకాలముగా ఇంటిలోనివారిని "ఏమన్నారు?" అని రెండవమారు ఎందులకు అడుగుచున్నామో. కార్యక్రమములు నడుపునపుడు మీటను కొంచెము హెచ్చుగా త్రిప్పుకొనుట మా యలవాటు. ఎవ్వరును మమ్ము త్రిప్పుమనలేదు. అక్షరములను నలుగురికి స్పష్టముగా వినిపించుట వృత్తిగా గలవారికి అక్షరములు జారిపోవుట కంటె వేరు శిక్ష యేమి కావలెను?

హెడ్‌ఫోనుపై మా అభిప్రాయము: అది వరము, హద్దులో నున్నంతవరకే. రాత్రి అందరు నిద్రించువేళ సంగీతము వినుటకు దానికంటె మేలైనది లేదు. పాత కచేరీ రికార్డులలో గాయకుడు ఊపిరి తీసికొనుట, తంబురా శ్రుతి సరిచేయుట మేము హెడ్‌ఫోనులోనే తొలిసారి వింటిమి. రోగియున్న ఇంటిలోను, ఇరుకు గదులలోను అది ఇతరులపట్ల దయ. కాని ధ్వని సగమునకు కొంచె మెక్కువలో నుండవలెను. గంటకొకమారు చెవికి విశ్రాంతి నీయవలెను. ఇంటిలో ముసలివారో, పసివారో మన కాపుదలలో ఉన్నప్పుడు ఒక చెవి వారిది.

మూడవది సినిమా. మేనల్లుడు సినిమాలను ఫోనులో చూచును. అదియు ఒకటిన్నర వేగమున! "కథ తెలుస్తుంది కదండి, టైము కలిసొస్తుంది" అనెను. మేము ఆతని నడిగితిమి: "మీ అమ్మమ్మ మాటలు కూడ ఒకటిన్నర వేగంతో వింటావా?" ఆతడు నవ్వెను గాని జవాబు చెప్పలేదు.

ఉదాహరణకు కోనసీమలోని చిత్రమునే తీసికొందము. బాపు, ముళ్లపూడి వెంకటరమణ గార్ల తొలిచిత్రము సాక్షి 1967లో విడుదలైనది. స్టూడియో సెట్టింగులు విడిచి ఆత్రేయపురము దాపున గోదావరి ప్రక్కనున్న పులిదిండి గ్రామములో దానిని తీసిరి. కృష్ణ, విజయనిర్మల కలిసి నటించిన మొదటి చిత్రమదియే. హత్యను కన్నులార చూచి న్యాయస్థానమున నిజము చెప్పిన యొక అమాయకుని కథ. హంతకుడు పగతీర్చుకొనుటకు తిరిగి వచ్చుచున్నాడని తెలిసినపుడు ఊరివారెవ్వరును ఆతనికి తోడురారు. తలుపులు మూసికొందురు. ఆ చిత్రములో ముఖ్యమైనది సంభాషణము మాత్రమే కాదు. ఎవ్వరును పలుకని వేళలు. నిరీక్షణమే ప్రాణమైన కథను వేగము పెంచి చూచిన, ఆ భయము పరుగులో పోవును. కథ తెలియును, అనుభవము తెలియదు.

ధ్వని సంగతియు నట్టిదే. నేటి చిత్రములకు ధ్వనిని పెద్ద హాలు కొరకు కూర్చుదురు. సంభాషణలను సాధారణముగా తెర నడుమనుండు స్పీకరునకు, సంగీతమును కోలాహలమును ఇరుప్రక్కలకును వెనుకకును పంచుదురు. ఈ పంపకమంతయు ఫోనులోని చిన్న స్పీకరులోనికి కుదించినపుడు మాటలు సంగీతము క్రింద నలిగిపోవును. "ఇప్పటి సినిమాల్లో మాటలు అర్థం కావు" అని పెద్దలు మొరపెట్టుకొనుటకు కారణములలో ఇదియొకటి. వారి చెవులనే తప్పుపట్టరాదు. ఇంటిలో చూచునపుడు టెలివిజనుకు ఎదురుగా ఒక మంచి స్పీకరు పెట్టినచో సగము చిక్కు తీరును.

మరియొకటి కలదు. హాలులో నవ్వు ఒకరినుండి ఒకరికి వ్యాపించును. డేరాలలో ఆడిన టూరింగు టాకీసుల కాలమున రీలు మార్చుటకు దీపములు వెలిగినపుడు ఊరివారు ఒకరి ముఖము నొకరు చూచుకొనెడివారని మా నాన్నగారు చెప్పెడివారు. ప్రక్కవాడు కన్నీరు తుడుచుకొనుచుండుట చూచి తన కన్నీటికి సిగ్గుపడుట మానెడివారట. చెవిలో హెడ్‌ఫోను, చేతిలో ఫోను, పైన నలువదియేడు టాబులు గల ప్రేక్షకునికి ఆ ప్రక్కవాడు లేడు. సినిమాపై మా అభిప్రాయ మిది: నెలకు రెండుచిత్రములు చాలును, కాని సొంతవేగమున, మొదటినుండి తుదివరకు, మరియొక మనిషితో కలిసి చూడవలెను.

మేనల్లుడు అన్నియు విని, "అంటే పాతరోజులే మంచివంటారా?" అనెను. కాదు. పాతరోజులలో నూరుమందికి ఒక రేడియో యుండుట బీదతనము. దానిని గొప్పగా చెప్పరాదు. కాని ఆ బీదతనములో నేర్చిన మర్యాద యొకటున్నది. దానికి ఆతనికొక సంగతి చెప్పితిమి.

1996 నవంబరు 6వ తేదీ. మే మప్పుడు ఉన్నత పాఠశాల విద్యార్థులము. ఆ రాత్రి తుపాను కాకినాడకు దక్షిణముగా తీరము దాటి కోనసీమను ఊడ్చివేసినది. వేయిమందికి పైగా మరణించిరి. వేటకు పోయిన మత్స్యకారులెందరో తిరిగి రాలేదు. తరతరముల కొబ్బరితోటలు నేలకూలినవి. మాది డాబా యిల్లగుటచే చుట్టుప్రక్కల తాటాకిండ్లవారు మా నడవలో చేరిరి. కరెంటు లేదు. నాన్నగారి యొద్ద ఒక ట్రాన్సిస్టరు, దానిలో నాలుగు పాత సెల్లులు. వార్తల వేళలలో మాత్రమే దానిని తిప్పి, వెంటనే ఆపెడివారు. ఆ కొన్ని నిమిషములు పసిపిల్లలు కూడ ఏడ్వలేదు. వార్త ముగిసిన తరువాత రేడియో కట్టి, అందరము గాలి నడుమ చెవియొగ్గి వింటిమి. ఒకమారు ఎవరిదో కేక వినబడినది. నాన్నగారు, మరి యిద్దరు తాడు పట్టుకొని బయటకు పోయి, కూలిన గోడ ప్రక్కనుండి ఒక వృద్ధుని తెచ్చిరి. విప్పియుంచిన చెవులు ఆ నడవలో ఇరువదియైదు జతలుండెను. అందువలననే ఆ కేక వినబడినది.

మేము చెప్పదలచినదంతయు ఇంతే. రేడియోను వినుటయు, పొరుగువాని కేకను వినుటయు నాడు ఒకే విద్య. నేడు మొదటిది మిక్కిలి బాగుపడినది, రెండవది మరచిపోవుచున్నాము. యంత్రములను విడువనక్కరలేదు. ఆ రెండింటిని మరల కలుపుకొన్న చాలును.

మరునాటి ఉదయము మేనల్లుడు తన టాబులను సరిచూచుకొనెను. నలువదియేడింటిలో ఎందులకు తెరచెనో జ్ఞాపకమున్నవి తొమ్మిది. మిగిలినవానిని ఒక్కొక్కటిగా మూయుచుండగా, లోపలనుండి అమ్మ సగము పిలుపే పిలిచిరి. "అబ్బా..." అనునంతలో ఆతడు లేచి మంచినీళ్ల చెంబుతో గడప దాటెను. హెడ్‌ఫోను మెడలో వ్రేలాడుచుండెను. అందులో ఏదో పాట, మాకు కూడ కొంచెము వినబడుచునే యుండెను.